బిళ్ల లేని ఉత్తరములు

కర్నూలు పట్టణము నానుకొని యున్న కల్లూరులో ఒక పాత మిద్దెయిల్లు కలదనుకొందము. సంక్రాంతికి ఇల్లు దులుపుచుండగా దూలమునకు వ్రేలాడుచున్న ఒక ఇనుప తీగ కనబడినది. దానికి గ్రుచ్చిన ఉత్తరములు దుమ్ము పట్టి యున్నవి. మన పెద్దలు వచ్చిన ఉత్తరములను చదివి, ఇట్లు తీగకు గ్రుచ్చి దాచుట వాడుక. ఆ యింటి బాలుడు వానిని దించి, కవరులపై నున్న బిళ్లలను కత్తిరించి తీసికొని, తక్కిన కాగితములను చెత్తలో వేసినాడు. పిమ్మట భోషాణము అడుగున అతనికి మఱియొక కాగితము దొరకినది. దానికి కవరు లేదు, బిళ్ల లేదు. వ్రాసిన కాగితమునే నాలుగు వైపుల మడిచి, లక్కతో అంటించి, వెలుపలి మడతపై చిరునామా వ్రాసియున్నారు. ఒక మూల వంకరగా ఏదో అంకె. మఱియొక మూల ఇంగ్లీషు అక్షరములతో ‘కడ్డపా’ అను ముద్ర. బాలుడు దానిని తిప్పి చూచి, “దీనికి బిళ్లయే లేదు, దీనివలన ఏమి ప్రయోజనము?” అని తక్కిన కాగితములతోబాటు విసరివేయబోయెను.

విద్యార్థులారా! ఆ బాలుడు ఆ క్షణమున విసరివేయబోయినది ఆ యింటిలోని వస్తువులన్నిటిలో విలువైనది కావచ్చును. తపాలా బిళ్లలు పుట్టుటకు పూర్వమును ఉత్తరములు నడచినవి. రాజ్యములు మాఱినవి, వ్యాపారములు సాగినవి, తల్లులు దూరముననున్న బిడ్డల క్షేమము తెలిసికొనిరి. ఆ కాలపు ఉత్తరమును చేతబట్టినవాడు లోపలి వ్రాతను చదువకమున్నే, వెలుపలి మడతనుబట్టి ఎన్నో సంగతులు తెలిసికొనవచ్చును. అది ఎచట బయలుదేఱినది, ఎంత దూరము పోయినది, దాని కూలి ఎంత, ఆ కూలిని ఎవరిచ్చిరి అను విషయములు అచట వ్రాయబడి యుండును. అట్టి ఉత్తరములను వెదకి, చదివి, కాపాడుట లోకమున అనేకులకు ప్రియమైన విద్య.

మన దేశమున ఉత్తరములు నడచిన తీరు మిక్కిలి పురాతనమైనది. పదునాలుగవ శతాబ్దమున ఢిల్లీ సుల్తానుల కాలమున ఈ దేశమునకు వచ్చిన ఇబన్ బతూతా అను యాత్రికుడు ఇచటి అంచె తపాలాను చూచి ఆశ్చర్యపడెను. కొద్ది దూరమునకొక పరుగువాడు సిద్ధముగా నుండునట. వాని చేతిలో చిఱుగంటలు కట్టిన కఱ్ఱ యుండును. ఆ గంటల మ్రోత వినబడినంతనే ముందటి మజిలీవాడు నడుము బిగించి నిలుచును. ఉత్తరములు ఒకరి చేతినుండి మఱియొకరి చేతికి మాఱుచు, రేయింబవళ్లు ఆగక సాగిపోవును.

మన కడప సీమకే చెందిన ఒక ముచ్చట కూడ కలదు. 1652లో తవెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు పెన్న లోయ మీదనున్న గండికోటకు వచ్చెను. అప్పుడు ఆ కోట గోలకొండ సుల్తాను సేనాని మీర్ జుమ్లా వశమున నుండెను. తవెర్నియే చూచునప్పటికి మీర్ జుమ్లా గుడారములో నేలపై కూర్చుండి, వచ్చిన ఉత్తరములను కాలివ్రేళ్ల సందులలోను, ఎడమచేతి వ్రేళ్ల సందులలోను ఇరికించుకొని యుండెను. ఒక్కొక్కదానిని తీసి జవాబు చెప్పుచుండగా ఇద్దఱు లేఖకులు వ్రాసికొనుచుండిరి. వ్రాసినదానిని మరల చదివించుకొని, తానే ముద్ర వేసి, కొన్నింటిని కాలిబంట్లకును, కొన్నింటిని గుఱ్ఱపు రౌతులకును ఇచ్చెను. గుఱ్ఱపు రౌతుకంటె కాలిబంటు తెచ్చు ఉత్తరమే ముందు చేరునని తవెర్నియే వ్రాసియున్నాడు. దానికి కారణము సులభము. రౌతు అలసిన గుఱ్ఱముపై ఒంటరిగా పోవలెను. అంచెలో ప్రతి మజిలీయందును సత్తువ తఱుగని క్రొత్త బంటు కాచుకొని యుండును. ఉత్తరమును చేతికి చేయిగా ఇచ్చుట అపశకునమని తలంచి, వచ్చిన బంటు దానిని గుడిసె వాకిట పడవేయగా, రెండవవాడు దానిని ఎత్తుకొని పరుగెత్తెడివాడట!

అయితే ఈ అంచెలు రాజులకును, సేనానులకును, గొప్ప వర్తకులకును ఉపయోగపడినవే కాని సామాన్యునికి కావు. సామాన్యుడు తన జాబును తిరుపతికో శ్రీశైలమునకో పోవు యాత్రికునిచేతనో, బండ్ల వర్తకునిచేతనో పంపవలసియుండెను. అట్టి జాబుపై ముద్ర లేదు, కూలి అంకె లేదు. తెచ్చినవాని మంచితనమే దానికి పూచీ.

ఇంగ్లీషు కంపెనీవారు మద్రాసునుండి బంగాళమునకు ఉత్తరములు పంపుటకు 1712లో కాలిబంట్లను నియమించిరి. 1774లో వారెన్ హేస్టింగ్సు కలకత్తాలో తపాలాను ప్రజలకుగూడ తెఱచెను. ప్రతి నూఱు మైళ్లకు రెండణాలు కనీసపు కూలి. ఆ కూలిని ముందుగా చెల్లించుటకు రెండణాల విలువగల రాగి బిళ్లలను ముద్రించి అమ్మిరి. కాగితపు బిళ్లలు పుట్టుటకు 60 సంవత్సరములకు పైబడిన కాలమునకు ముందే మన దేశమున రాగి బిళ్లలుండుట గమనింపదగిన విషయము. 1786 జూను 1వ తేదీన మద్రాసు సెయింటు జార్జి కోటలో పెద్ద తపాలా కచేరి వెలసెను. అచటినుండి తపాలా దారులు ఉత్తరమున గంజాము వఱకును, దక్షిణమున అంజెంగో వఱకును, పడమట రాయవేలూరు వఱకును సాగెను.

1800లో నిజాము కడప, బళ్లారి మున్నగు సీమలను కంపెనీకి దత్తము చేసెను. అందుచేతనే వీనికి దత్తమండలములని పేరు వచ్చినది. థామస్ మన్రో వీనికి మొదటి ప్రధాన కలెక్టరు. కాని కర్నూలు కొంతకాలము నవాబుల యేలుబడిలోనే యుండెను. 1839లో కంపెనీవారు నవాబు గులాం రసూలుఖానును పదవినుండి తొలగించి కర్నూలును తమ పాలనలోనికి తెచ్చికొనిరి. కావున 1839కి పూర్వము కడపనుండి కర్నూలునకు ఒక ఉత్తరము పోయెనన్న, అది ఒక ప్రభుత్వపు నేలనుండి మఱియొక ప్రభుత్వపు నేలకు దాటిపోయినదన్నమాట. భోషాణములో దొరకు ఒక్క కాగితపు తేదీ, ఊరిముద్ర ఇట్టి రాజ్యచరిత్రను మనకు జ్ఞప్తికి తెచ్చును.

ఇక ఆ ముద్రల సంగతి విచారింతము. తేదీ తెలుపు తపాలా ముద్రను మొట్టమొదట వాడినవాడు ఇంగ్లండులో హెన్రీ బిషప్పు అను తపాలా అధికారి. ఉత్తరములు కచేరిలోనే రోజులతరబడి నిలిచిపోవుచున్నవని ప్రజలు మొఱపెట్టుకొనగా, 1661లో ఆతడు ఒక చిన్న గుండ్రని ముద్రను చేయించెను. అందు పై సగమున ఒకటియు, క్రింది సగమున ఒకటియుగా నెలయు దినమును ఉండును. ఉత్తరము కచేరికి వచ్చిన దినమే దానిపై పడునుగాన, ఇక ఏ బంటును దానిని దాచి ఆలస్యము చేయుటకు సాహసింపడు. చూచితిరా! తపాలా ముద్ర అలంకారమునకై పుట్టలేదు. ప్రజల ఫిర్యాదునుండి పుట్టినది.

బిళ్ల లేని కాలపు ఉత్తరముపై ముఖ్యముగా మూడు గుర్తులు చూడవలెను. మొదటిది ఊరి పేరు. కొన్ని ముద్రలలో తేదీయు నుండును. కొన్నింట ఊరి పేరు మాత్రమే యుండును. రెండవది కూలి అంకె. తూచినవాడు దూరమును, తూకమును లెక్కించి కలముతో వ్రాసిన అంకె యది. మూడవది కూలి ముందుగా చెల్లినదా లేదా అను గుర్తు. చెల్లినదానిపై ‘పెయిడు’ అనియు, చెల్లనిదానిపై ‘బేరింగు’ అనియు ముద్ర వేసెడివారు. సాధారణముగా మొదటిది ఎఱ్ఱ సిరాతోను, రెండవది నల్ల సిరాతోను ఉండును. ‘బేరింగు ఉత్తరము’ అను మాట మన పల్లెలలోను వాడుకలోనికి వచ్చినదే.

కూలి చెల్లింపని ఉత్తరమునకు పుచ్చుకొనువాడే డబ్బు ఇచ్చుకొనవలెను. ఇవ్వలేనివాడు ఉత్తరమును తెఱవకయే తిరిగి పంపవలెను. 1837 నాటి చట్టముచే కంపెనీ పాలనలోని సీమలన్నిటియందును కూలికి ఉత్తరములు మోయు హక్కు ప్రభుత్వమునకే చెందెను. కూలి దూరమునుబట్టి పెరుగును. కలకత్తానుండి బొంబాయికి ఒక తులము బరువుగల ఉత్తరమునకు ఒక రూపాయి! ఒక పేదరైతు తన కుమారుని కుశలమును తెలిసికొనుటకు అంత సొమ్ము ఎట్లు తేగలడు? తపాలా అందఱిదని చట్టము చెప్పినను, సంచిలో డబ్బున్నవానికే వార్త అందెను.

ఈ బాధ మన దేశమునకే పరిమితము కాదు. ఇంగ్లండులో కోలరిడ్జి అను కవినిగూర్చి ఒక కథ చెప్పుదురు. ఆతడు ఒక పల్లెలో నడచుచుండగా, తపాలావాడు ఒక స్త్రీకి ఉత్తరము ఇవ్వబోయెను. ఆమె దానిని తిప్పి చూచి, కూలి ఇచ్చుకొనలేనని తిరిగి ఇచ్చివేసెను. కవి జాలిపడి ఆ కూలి తానిచ్చెను. తపాలావాడు పోయిన పిదప ఆమె ఉత్తరమును విప్పి చూపగా లోపల తెల్లకాగితము! “అయ్యా, నా సోదరుడు క్షేమముగా నున్నచో ఇట్టి కాగితమును పంపును. అది వచ్చుటయే మాకు వార్త” అని ఆమె చెప్పెనట. పేదవారు మోసము చేయుట తప్పే కావచ్చును. కాని తోబుట్టువు క్షేమమునకు అంత వెల కట్టుట యెంత న్యాయము?

అమెరికాలోని పాత ఉత్తరములను సేకరించువారికి ఈ సంగతులన్నియు సుపరిచితములు. అచట 1792 నాటి చట్టము ప్రకారము ఒక్క కాగితపు ఉత్తరమునకు 30 మైళ్ల వఱకు ఆఱు సెంట్లు, 450 మైళ్లు దాటినచో 25 సెంట్లు. కాగితములు రెండైన కూలి రెట్టింపు. కావుననే వారు కవరు వాడక, ఒక్క కాగితమునే నింపి, చోటు చాలనిచో దానిని అడ్డముగా త్రిప్పి మొదటి పంక్తులపైననే మరల వ్రాసెడివారు. చిన్న యూళ్లలోని పోస్టుమాస్టరులకు ముద్రలు లేకున్న, ఊరి పేరును తేదీని కలముతోనే వ్రాసెడివారు. ప్రసిద్ధుడైన బెంజమిన్ ఫ్రాంక్లిను 1737లో ఫిలడెల్ఫియా నగరపు పోస్టుమాస్టరు. 1775లో స్వాతంత్ర్యమునకై పోరాడు వలసరాజ్యములకు మొదటి పోస్టుమాస్టరు జనరలు. ఆతనికి కూలి లేకుండ ఉత్తరములు పంపు హక్కు కలదు. ‘ఫ్రీ’ అను మాటను పేరు ప్రక్కన వ్రాయుటకు మాఱుగా, పేరు నడుమ చేర్చి ‘బి. ఫ్రీ ఫ్రాంక్లిన్’ అని ఆతడు సంతకము చేసెడివాడు. ఆ మాటకు ‘స్వేచ్ఛ’ అనియు అర్థము కలదు గదా!

ఆ దేశమునకును మన తెలుగు సీమకును నడుమ ఉత్తరములు నడచిన కాలమొకటి కలదు. 1840లో శామ్యూలు డే అను అమెరికా మతబోధకుడు నెల్లూరున స్థిరపడెను. ఆతనిని పంపిన సంఘము బోస్టను నగరమున నుండెను. అప్పటికి మద్రాసు రాజధానిలోను బిళ్లలు లేవు, అమెరికాలోను లేవు. నెల్లూరునుండి బోస్టనుకు పోవు జాబు నేలపై బంట్ల భుజముల మీదను, సముద్రముపై తెరచాప యోడలలోను నెలల తరబడి సాగవలెను. వ్రాసిన ప్రశ్నకు బదులు వచ్చుసరికి ఋతువులు మాఱిపోవును.

ఈ దుస్థితిని మార్చినవాడు రోలండు హిల్లు. దూరము పోవుటకగు ఖర్చు నిజముగా స్వల్పమనియు, లెక్కలు కట్టుటకును కూలి వసూలు చేయుటకునే ఎక్కువ వ్యయమగుచున్నదనియు ఆతడు 1837లో నిరూపించెను. పంపువాడే ముందుగా స్వల్పమైన రుసుము చెల్లించి, దానికి గుర్తుగా ఒక బిళ్ల అంటించిన చాలును. ఆ విధముగా 1840 మే నెలలో ఇంగ్లండున మొదటి తపాలా బిళ్ల వెలువడెను. అమెరికా 1847లో ఆ మార్గము ననుసరించెను. మన దేశమున 1852లో సింధు రాష్ట్రమున మొదట బిళ్లలు వచ్చెను. 1854 అక్టోబరు 1వ తేదీనుండి దేశమంతటను వాడుకలోనికి వచ్చెను. పావు తులము ఉత్తరమునకు, దూరమెంతయైనను, అర్ధణా! కలకత్తానుండి బొంబాయికి రూపాయి పట్టిన తులము బరువు ఉత్తరము ఇప్పుడు రెండణాలకే పోయెను. దూరమునకు వెల తీసివేయుటచే పేదవాని జాబుకు కాళ్లు వచ్చినవి.

ఈ మార్పునకు ముందటి సంవత్సరములలో మద్రాసు రాజధాని తపాలాకు అధిపతి ఎవరో తెలియునా? తెలుగువారందఱు ఎఱిగిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను! 1820లో కడపకు ఉద్యోగియై వచ్చి, అచట పండితులకు జీతములిచ్చి పోషించి, వేమన పద్యములను, ప్రాచీన కావ్యములను వెదకించి శుద్ధ ప్రతులు వ్రాయించిన మహనీయుడాతడే. 1846లో ఆతడు పోస్టుమాస్టరు జనరలుగా నియమితుడయ్యెను. ఆతని నిఘంటువులు అచ్చుపడినదియు ఆ పదవీకాలముననే. కడపలో ఆతడు నివసించిన స్థలమున నేడు ఆతని పేర గ్రంథాలయమును, భాషా పరిశోధన కేంద్రమును కలవు. చెదలు తినుచున్న తాటాకులను ఇతరులు పనికిమాలినవని తలంచినపుడు, వానిని చేరదీసిన సేకర్త యాతడు. సేకరణ అనగా ఏమో మనము ఆతనివలన నేర్చుకొనవచ్చును.

ఉత్తరములను దాచినందున కలుగు ఫలమునకు మఱియొక నిదర్శనము. మద్రాసు సుప్రీము కోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీయాత్రకు బయలుదేఱి, కడప, అహోబిలము, శ్రీశైలము మీదుగా ఉత్తరదేశమునకు పోయెను. దారిలోని విశేషములను తన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు ఉత్తరములుగా వ్రాయుచుండెను. శ్రీనివాసపిళ్ల వానిని భద్రపఱచి 1838లో గ్రంథముగా ప్రకటించెను. అదియే ‘కాశీయాత్ర చరిత్ర’. ఆ మిత్రుడు చదివి పాఱవేసియుండినచో, ఆనాటి మన పల్లెల బాటలు, సత్రములు, ధరలు, ఆచారములు మనకెట్లు తెలియును?

మీ యింట పాత ఉత్తరము దొరకినచో ఏమి చేయవలెను? మొదటి మాట: దేనిని కత్తిరింపకుడు. ముద్రను కోసి తీసినచో, అది ఏ యూరికి ఎప్పుడు పోయినదో చెప్పు సాక్ష్యము పోవును. బిళ్ల ఉన్న కవరునకును ఇదియే నియమము. రెండవది: నీటితో తుడువకుడు, చిరిగినచోట జిగురు పట్టీలు అంటింపకుడు. ఆ జిగురు కొన్ని యేండ్లలో కాగితమును పసుపుపచ్చగా మార్చి పాడుచేయును. బలవంతముగా మడతలు విప్పకుడు, లక్కముద్రను పగులగొట్టకుడు. మూడవది: ఎండ, తేమ తగులని చోట, శుభ్రమైన కాగితముల నడుమ ఉంచుడు. నాల్గవది: ఒక నోటుపుస్తకములో దానిని వర్ణించి వ్రాయుడు. ఎవరింట దొరకినది, తేదీ, ఊరిముద్ర, సిరా రంగు, కూలి అంకె, చిరునామా ఉన్నవి ఉన్నట్లుగా ఎక్కింపుడు. తెలియని అక్షరమును ఊహించి వ్రాయక, చుక్కలు పెట్టి విడువుడు. ఊరి పేరు వ్రాత మాఱియుండుటయు చరిత్రయే. ఇంగ్లీషున ‘కడ్డపా’ అని వ్రాయుచుండిన పేరు 2005లో గాని ‘కడప’గా సవరింపబడలేదు.

మఱి రెండు విషయములు ధర్మమునకు సంబంధించినవి. కచేరీల దస్తావేజులనుండి తొలగించిన కాగితమును ఎవరైన అమ్మజూపినచో కొనరాదు. అది ప్రజల సొత్తు. 75 సంవత్సరములు దాటిన, చారిత్రక ప్రాముఖ్యముగల వ్రాతపత్రములను 1972 నాటి పురావస్తు చట్టము పురావస్తువులుగా గణించుచున్నది. వానిని సొంతముగా విదేశములకు పంపుట నేరము. ఇక లోపలి వ్రాతలో ఒకరి అప్పు, ఒకరి కన్నీరు ఉండవచ్చును. దానిని ఆ కుటుంబపు పెద్దల అనుమతి లేనిదే పదుగురికి చదివి వినిపింపరాదు.

మరణవార్త తెచ్చిన జాబును చదివినంతనే చింపివేయుట మన యాచారము. కొన్ని ఉత్తరములు అట్లు పోయినవి. కొన్ని చెదల పాలైనవి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలును ముంచెత్తినపుడు ఇండ్లలోని కాగితములు ఎన్నియో నీటి పాలయ్యెను. ఇన్ని ఆపదలను దాటి మిగిలినది ఏ భోషాణపు అడుగుననో ఒకటి రెండు. వరదను ఆపుట బాలుర వశము కాదు. కత్తెరను ఆపుట వారి వశమే.

కల్లూరు బాలుడు విసరబోయిన ఆ కాగితమును మరల చేతికి తీసికొనెననుకొందము. వెలుపల నల్లని ‘బేరింగు’ ముద్ర; లోపల నాలుగు పంక్తుల కుశలప్రశ్న. ఆ నాలుగు పంక్తులకై ఎవరో పరుగెత్తిరి. ఎవరో తమ కొంగుముడి విప్పి అణాలు లెక్కించి యిచ్చిరి. చదివి, మడిచి, భోషాణములో దాచిరి. ఇంత వెల యిచ్చి వారు కాపాడినదానిని మనము ఊరక పోగొట్టుట తగునా?